సిగ్నల్ మీద పెట్టిన రూపాయి ఏ ఖాతాలో తేలుతుంది?

(రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు, ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులూ ఎంబీఏ విద్యార్థులూ కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే.

ముందు నేనే ఒక ప్రశ్న అడుగుతాను. విజయవాడ అవుటర్‌లో బండి ఆగితే విసుక్కోనివాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? ఒక్క చెయ్యీ లేవలేదు. (నవ్వులు) కృష్ణా బ్రిడ్జి ఎదురుగా కనపడుతుంటుంది. కుర్రాళ్లు బ్యాగులు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడిపోతారు. ఇంటికి "వచ్చేశాం" అని ఫోన్ కూడా అయిపోతుంది. బండి మాత్రం కదలదు. సమోసాలబ్బాయి రెండో రౌండు వేస్తాడు. అప్పుడు పెట్టెలో అందరూ అనే మాట ఒకటే: "సిగ్నలివ్వలేదు." ముప్పై ఏళ్లకు పైగా ఆ డిపార్ట్‌మెంట్లోనే పనిచేశాను కాబట్టి, ఆ మాట ఎక్కడ వినబడినా నన్నే తిట్టినట్టుంటుంది నాకు.

ఇవాళ మీ సార్ నాకిచ్చిన ప్రశ్న: కొత్త డిజిటల్ సిగ్నలింగ్‌కి వేల కోట్లు పెడుతున్నారు కదా, అది గిట్టుబాటేనా? మంచి ప్రశ్నే. సిగ్నల్ వాళ్లకి ఈ ప్రశ్న నచ్చదు. "ప్రాణాలకు లెక్కలేమిటండీ" అని దాటేస్తారు. ఫైనాన్స్ వాళ్లకేమో ఇదొక్కటే ప్రశ్న. రెండు వైపులా కూర్చుని వాదించినవాణ్ణి, నాకు అర్థమైనంత చెబుతాను.

మా నాన్న పాయింట్స్‌మన్, అంటే బండి ఏ లైన్లోకి పోవాలో ఆ పట్టాల్ని మార్చే ఉద్యోగి. గుంటూరు-మాచర్ల లైన్లో ఓ చిన్న స్టేషను, ఒకే లైను. స్టేషన్ మాస్టర్ గదిలో బాల్ టోకెన్ పెట్టె ఉండేది. పక్క స్టేషన్ వాడు గంట కొట్టి ఒప్పుకుంటేనే ఆ పెట్టెలోంచి ఒక ఇనప గుండు బయటికొస్తుంది. ఒకటి బయట ఉండగా రెండోది ఎంత లాగినా రాదు, ఇక్కడి పెట్టెలోంచీ రాదు, అక్కడి పెట్టెలోంచీ రాదు. ఆ గుండుని తోలు సంచిలో వేసి, సంచిని పెద్ద రింగుకి కట్టి, నాన్న ప్లాట్‌ఫాం చివర చెయ్యి చాపి నిలబడేవాడు. ఇంజన్లో ఉన్న మనిషి మోచెయ్యి చాపి దాన్ని అందుకునేవాడు. ఇంజన్ మీదున్నవాడి చేతిలో గుండు లేకపోతే బండి ముందుకు వెళ్లకూడదు. అంతే నియమం. నేను ఐదో క్లాసులో ఉండగా ఆ గుండుని ఒకసారి చేత్తో పట్టుకున్నాను. మామిడికాయంత ఉందేమో, బరువు మాత్రం చెయ్యి కిందికి లాగేసింది.

ఇప్పుడు మీరు డిజిటల్ సిగ్నలింగ్ అంటున్నదంతా ఆ గుండే. ముందున్న దారి ఖాళీ అన్న అనుమతిని డ్రైవరు చేతికివ్వడం. తేడా ఏమిటంటే, అనుమతి రేడియోలో వస్తుంది, ఎంత దూరం వరకూ, ఎంత వేగంతో అన్నది కూడా వస్తుంది, డ్రైవరు పట్టించుకోకపోతే యంత్రమే బ్రేకు వేస్తుంది. యూరప్‌లో ఈటీసీఎస్ అన్నా, మెట్రోల్లో సీబీటీసీ అన్నా, మన కవచ్ అన్నా మూలం ఇదే.

కవచ్ మన సికింద్రాబాద్ చుట్టుపక్కలే పెరిగిన పిల్ల. దక్షిణ మధ్య రైల్వేలో వికారాబాద్ వైపు సెక్షన్లలో ట్రయల్స్ జరిగాయి. ప్రయాణికుల బండి మీద ఫీల్డ్ ట్రయల్ 2016 ఫిబ్రవరిలో మొదలైంది. 2020 జులైలో దీన్ని జాతీయ వ్యవస్థగా తీసుకున్నారు. మొదట్లో సరఫరాకు అనుమతి వచ్చిన మూడు కంపెనీలు, మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, మూడూ హైదరాబాద్‌వే. షేర్లు కొనాలా అని మాత్రం అడక్కండి, ఆ సలహా ఇచ్చి నేను మా బావమరిదితో ఇప్పటికే మాటలు పోగొట్టుకున్నాను. (నవ్వులు) 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ స్వయంగా ఇంజనెక్కి చూశారు. ముందున్న ఇంజనుకి 380 మీటర్ల ఇవతల బండి దానంతటదే ఆగింది.

పనిచేసే తీరు రెండు ముక్కల్లో చెబుతాను. పట్టాల మధ్య స్లీపర్ల మీద ఆర్ఎఫ్ఐడీ ట్యాగులుంటాయి, మీ కాలేజీ ఐడీ కార్డులో ఉండే చిప్పు లాంటివే. ఇంజన్ కింద రీడర్ ఉంటుంది. ట్యాగు మీదుగా వెళ్లినప్పుడల్లా "నేను ఫలానా లైన్లో, ఫలానా చోట ఉన్నాను" అని ఇంజనుకి తెలుస్తుంది. స్టేషన్లో ఒక కంప్యూటరు ఉంటుంది, అది ఇంటర్‌లాకింగ్‌ని, అంటే దారి మళ్లించే పాయింట్లూ సిగ్నళ్లూ ఒకదానికొకటి విరుద్ధంగా ఉండకుండా చూసే ఏర్పాటుని అడిగి, ఏ సిగ్నల్ ఏ రంగులో ఉందో టవరు మీది రేడియోతో ఇంజనుకి చెబుతుంది. ఎరుపు దాటబోతే బ్రేకు పడుతుంది.

ట్యాగులు ఎందుకు, జీపీఎస్ చాలదా అంటారు. 1999లో గైసాల్‌లో రెండు రైళ్లు ఢీకొన్న ప్రమాదం తర్వాత కొంకణ్ రైల్వేలో బి. రాజారాం గారు జీపీఎస్ ఆధారంగా యాంటీ కొలిజన్ డివైస్ తెచ్చారు. గొప్ప ఆలోచన. కానీ పక్కపక్కనే నాలుగైదు మీటర్ల ఎడంతో లైన్లున్న చోట నేను ఏ లైన్లో ఉన్నానన్నది అప్పటి జీపీఎస్ తేల్చలేకపోయింది. పక్క లైన్లో బండి వెళ్తే ఇక్కడ బ్రేకు పడేది. ఊరికే బ్రేకు వేసే యంత్రాన్ని డ్రైవర్లు రెండు నెలల్లో నమ్మడం మానేస్తారు. డబ్బుల లెక్కలో ఈ ఖర్చుని ఎవరూ రాయరు, కానీ ఉంటుంది.

ఇక అసలు లెక్క. బోర్డు మీద వేస్తాను.

పార్లమెంటులో రైల్వే శాఖ చెబుతూ వచ్చిన అంకెలు ఇవి: ట్రాక్ వైపు పరికరాలకు కిలోమీటరుకు సుమారు 50 లక్షలు, ఒక్కో ఇంజనుకి సుమారు 80 లక్షలు. మన దేశంలో రూట్ కిలోమీటర్లు రమారమి 69 వేలు. గుణిస్తే 34,500 కోట్లు. ఇంజన్లు 15 వేలనుకుందాం, 12 వేల కోట్లు. మొత్తం 46,500 కోట్లు. చాలా పెద్ద అంకె అనిపిస్తుంది. 2025-26లో రైల్వే పెట్టుబడి వ్యయం 2 లక్షల 65 వేల కోట్లు. అందులో ఆరో వంతు. మొత్తం దేశానికి, అదీ ఒక్కసారి.

ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకె పెడతాను. విజయవాడ-గూడూరు మూడో లైను, సుమారు 288 కిలోమీటర్లు, మంజూరైనప్పటి అంచనా 3,246 కోట్లు. కిలోమీటరుకు పదకొండు కోట్ల పైమాట. అంటే ఒక కిలోమీటరు కొత్త లైను డబ్బుతో ఇరవై రెండు కిలోమీటర్లు కవచ్ వేయొచ్చు. బాగుంది కదా? ఇక్కడే ఎంబీఏ పిల్లలు నోట్సులో టిక్కు పెట్టేసి లేచిపోతారు. ఆగండి. ఆ టిక్కు తప్పు.

మూడో లైను వేస్తే మూడో లైను వస్తుంది, దాని మీద బళ్లు నడుస్తాయి. కవచ్ వేస్తే కొత్తగా ఒక్క బండికి కూడా దారి రాదు. కవచ్ ఇప్పుడున్న సిగ్నళ్ల మీద కప్పిన దుప్పటి. కింద పాత పద్ధతే ఉంటే, అంటే రెండు స్టేషన్ల మధ్య ఒకే బండి అన్న పద్ధతే ఉంటే, ఆ పద్ధతే సురక్షితంగా నడుస్తుంది, అంతే. స్టేషన్ల మధ్య పది కిలోమీటర్లనుకోండి, గూడ్సు గంటకి అరవైలో పోతోంది. పది నిమిషాలు, ఇటూ అటూ రెండు నిమిషాలు, పన్నెండు నిమిషాలకో బండి. గంటకి ఐదు. అదే సెక్షన్‌లో కిలోమీటరుకో ఆటోమేటిక్ సిగ్నల్, అంటే ముందు బండిని బట్టి తనే రంగు మార్చుకునే సిగ్నల్ పెడితే, నాలుగు కిలోమీటర్ల ఎడంతో బండి వెనక బండి వదలొచ్చు. నాలుగు నిమిషాలకోటి. ఇది బోర్డు మీది లెక్క, బయట ఇంత రాదు. కానీ రెట్టింపు దగ్గరికొచ్చినా చాలు. కెపాసిటీ పెంచేది ఆటోమేటిక్ సిగ్నలింగు. దాని మీద కవచ్ ఉంటే ఆ దగ్గర దగ్గర బళ్లని ధైర్యంగా నడపొచ్చు. ఈ రెంటినీ కలిపి ఒకే కాగితం మీద లెక్కేస్తే గిట్టుబాటు కనపడుతుంది. విడివిడిగా ఫైళ్లు పంపితే రెండూ వెనక్కొస్తాయి. నా సర్వీసులో నేను రాసిన ఒక నోట్ అలాగే రెండు ముక్కలై రెండు టేబుళ్ల మీద మూడేళ్లు పడుకుంది. దాని వయసు పెరిగినకొద్దీ అందులోని రేట్లు తగ్గుతాయనుకున్నారో ఏమో.

ఇంకా ఒక మెలిక ఉంది. గూడూరు నుంచి విజయవాడ దాకా నాలుగు నిమిషాలకో బండి వదిలారనుకుందాం. విజయవాడలో ప్లాట్‌ఫాంలు పది. నాలుగు దిక్కుల నుంచీ బళ్లు వచ్చి ఆ పదింటికోసం కాచుకోవాలి. అప్పుడు మన కొత్త సిగ్నలింగ్ వల్ల జరిగేదేమిటంటే, అవుటర్‌కి ముందే చేరతాం. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, సిగ్నలింగ్ ప్రాజెక్టుల లాభం ఎక్కువసార్లు ఇక్కడే ఆవిరైపోతుంది. ఇరుకు ఎక్కడుందో ముందు చూడాలి. యార్డులో ఉందా, లైన్లో ఉందా, రేకుల్లో, అంటే నడిపే రైలు పెట్టెల్లో ఉందా? మన హైదరాబాద్ మెట్రో చూడండి. సీబీటీసీతో, 90 సెకన్లకో రైలు నడపగలిగేలా కట్టారు. కానీ ఉన్నవి మూడు పెట్టెల రైళ్లు, 57. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట మెట్లు దిగినవాళ్లకి ఆ 90 సెకన్లు ఏమయ్యాయో అర్థమవుతుంది. సిగ్నల్ కొన్నాం, దానికి తగ్గ పెట్టెలు కొనలేదు.

లండన్ విక్టోరియా లైన్లో దీనికి ఎదురు జరిగింది. 1968లో తెరిచిన లైను, ఇంకో సొరంగం తవ్వే మాటే లేదు. సిగ్నలింగూ రైళ్లూ రెండూ కలిపి మార్చారు. 2017 నాటికి గంటకి 36 రైళ్లు, వంద సెకన్లకోటి. ఆ లైను రైళ్లు ఆ లైను దాటి ఎక్కడికీ పోవు. కొత్త పరికరం లేని ఇంజన్ పొరపాటున కూడా లోపలికి రాదు.

ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నా ఉద్దేశంలో మొత్తం గిట్టుబాటు దీని మీదే ఆధారపడి ఉంది. తాళం పట్టాల మీద ఉంటుంది, తాళంచెవి ఇంజన్లో ఉంటుంది. తాళానికి ఎంత ఖర్చు పెట్టినా, ఆ దారిన వచ్చే వంద ఇంజన్లలో అరవైకి చెవి లేకపోతే ఆ అరవై పాత పద్ధతిలోనే పోవాలి. వాటి కోసం పాత సిగ్నళ్లన్నీ ఉంచాలి. అంటే రెండు వ్యవస్థల్నీ పోషించాలి. ఖర్చు మొదటి రోజునుంచే పూర్తిగా పడుతుంది. లాభం మాత్రం చివరి ఇంజనుతో గానీ పూర్తిగా రాదు.

డెన్మార్క్ వాళ్లు ఈ బాధ వద్దని, దేశం మొత్తం ఒకేసారి మార్చేద్దామని 2009లో నిశ్చయించారు. చిన్న దేశం, ఒక పద్ధతి, ఒక లెక్క. కాగితం మీద చాలా అందమైన ప్రాజెక్టు అది. 2021కి అయిపోతుందన్నారు. తర్వాత 2030 అన్నారు, ఆపైకి కూడా జరిగింది. పట్టాల పక్క పని కంటే, ఎప్పుడో కొన్న పాత రైళ్ల కడుపులో కొత్త కంప్యూటరు ఇమడ్చడమే వాళ్ల తల ప్రాణం తోకకి తెచ్చింది. మన దగ్గర డబ్ల్యూఏజీ-9, డబ్ల్యూఏపీ-7, పాత డబ్ల్యూఏజీ-7, మెమూలు, వందే భారత్... ఎన్ని రకాల బ్రేకు పైపులో, ఎన్ని రకాల వైరింగులో ఊహించుకోండి. కవచ్‌లో ఒక్కో రకానికీ బ్రేకు కలిపే తీరు విడిగా చూసుకోవాలి. ఇంజన్‌ని షెడ్డులో నిలబెట్టిన రోజుల ఆదాయం కూడా ఖర్చే.

ఇప్పుడు ప్రాణాల సంగతికి వస్తాను. ఇది తప్పించుకోలేం.

1988 డిసెంబర్ 12, లండన్ శివార్లలో క్లాపమ్ జంక్షన్. 35 మంది పోయారు. కారణం ఒక తీగ. సిగ్నల్ గదిలో కొత్త వైరింగ్ చేస్తూ, పాత తీగని ఒక చివర తీశారు గానీ పూర్తిగా తప్పించలేదు. అది తర్వాత కదిలి తగలకూడని చోట తగిలింది. ఎర్రగా ఉండాల్సిన సిగ్నల్ ఎర్రగా లేదు. ఆ పని చేసిన టెక్నీషియన్ అంతకు ముందు పదమూడు వారాల్లో ఒకే ఒక్క రోజు సెలవు తీసుకున్నాడు. విచారణ చేసిన ఆంథొనీ హిడెన్, ఇతర సూచనలతో పాటు, దేశమంతా ఆటోమేటిక్ ట్రైన్ ప్రొటెక్షన్ పెట్టమన్నారు. అంటే వాళ్ల కవచ్ అనుకోండి. రెండు లైన్లలో పైలట్‌గా పెట్టారు. తర్వాత లెక్క వేశారు. ఒక ప్రాణం కాపాడటానికయ్యే ఖర్చు, అప్పట్లో వాళ్లు సమంజసమనుకున్న దానికి ఎన్నో రెట్లు తేలింది. 1995లో వద్దనేశారు.

ఆ లెక్కలో కూడిక తప్పులేదు. నేను అదే టేబుల్ దగ్గర కూర్చుంటే నాకూ అదే జవాబు వచ్చేదేమో. 1997లో సౌతాల్‌లో ఏడుగురు పోయారు. ఆ బండిలో పైలట్ ప్రొటెక్షన్ యంత్రం ఉంది, ఆన్ చెయ్యలేదు. పాత హెచ్చరిక యంత్రం చెడిపోతే దాన్నీ ఆపేశారు. 1999 అక్టోబర్ 5న లాడ్‌బ్రోక్ గ్రోవ్. 31 మంది. ఎస్ఎన్109 అనే సిగ్నల్, అంతకు ముందు ఎనిమిది సార్లు డ్రైవర్లు ఎర్రగా ఉండగా దాటిందే. ఎనిమిది సార్లు ఏమీ కాలేదు. కాబట్టి ఏ లెక్కలోకీ రాలేదు.

దాంతో వాళ్లు ఏం చేశారంటే, పూర్తి యంత్రం కోసం కాచుకోకుండా, టీపీడబ్ల్యూఎస్ అనే సగం యంత్రాన్ని 2003 కల్లా దేశమంతా పెట్టేశారు. అది అన్ని వేగాల్నీ ఆపలేదు. చౌక. కానీ ప్రతి ఇంజనులోనూ ఉంది, ముఖ్యమైన సిగ్నళ్లన్నిటి దగ్గరా ఉంది. నన్నడిగితే గత నలభై ఏళ్లలో సిగ్నలింగ్‌లో తీసుకున్న అతి తెలివైన నిర్ణయం అదే. దాని మీద సెమినార్లెవరూ పెట్టరు. అందులో మెరిసేదేమీ లేదు.

అమెరికాలో 2008లో చాట్స్‌వర్త్ ప్రమాదం, 25 మంది. డ్రైవరు ఫోన్లో మెసేజీలు పెడుతూ ఎరుపు దాటాడు. వెంటనే చట్టం చేసేశారు, 2015 కల్లా పాజిటివ్ ట్రైన్ కంట్రోల్ పెట్టాలని. వాళ్ల రైల్వే నియంత్రణ సంస్థే లెక్కవేసి, ఖర్చు లాభానికి దాదాపు ఇరవై రెట్లు అని రాసింది. అయినా చట్టం చట్టమే. 2015 కాస్తా 2020 డిసెంబర్ అయింది, కానీ పెట్టారు. ఇరవై రెట్లు నష్టమని తెలిసీ ఎందుకు పెట్టారు? ఎందుకంటే ఆ దేశం అక్కడ లెక్కని అడగలేదు, నిర్ణయం తీసుకుంది. అది వేరే పని. దాన్ని వ్యాపారం లెక్కగా చూపిస్తే అబద్ధాలు రాయాల్సి వస్తుంది.

మన దగ్గర అదే అబద్ధం ఎంత తేలికో చూడండి. రైలు ప్రమాదంలో చనిపోతే చట్ట ప్రకారం పరిహారం 8 లక్షలు. 2017కి ముందు 4 లక్షలే. ఒక ఇంజనుకి కవచ్ 80 లక్షలు. పరిహారమే నష్టమని లెక్కేస్తే, ప్రతి ఇంజనూ దాని జీవితంలో పది మందిని చంపబోయి ఆగితే గానీ గిట్టదు. ఇలాంటి కాగితం ఎవరైనా మీ ముందు పెడితే, దయచేసి గట్టిగా మాట్లాడండి. పోయిన మనిషి సంపాదన, ఆసుపత్రులు, విరిగిన పెట్టెలు, రెండు రోజులు ఆగిన లైను, మళ్లించిన వంద బళ్లు, అవన్నీ ఎక్కడ?

2023 అక్టోబర్ 29 సాయంత్రం మన విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర. విశాఖ-పలాస పాసింజరు ముందు పోతోంది. వెనకనుంచి విశాఖ-రాయగడ పాసింజరు వచ్చి గుద్దింది. 14 మంది పోయారు. ఆటోమేటిక్ సిగ్నళ్లు చెడిపోయాయి. చెడిపోతే రూలేమిటంటే, సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, తర్వాత గంటకి పది కిలోమీటర్ల వేగంతో వెళ్లాలి. అలా జరగలేదని ప్రాథమిక విచారణ. ఆ సెక్షన్లో కవచ్ లేదు. పేదవాళ్లు తిరిగే పాసింజరు బళ్లు రెండూ.

ఇప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకమైంది చెబుతాను. అదే ఏడాది జూన్ 2, బాలాసోర్ దగ్గర బహనాగ బజార్. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, దాదాపు 128 కిలోమీటర్ల వేగం. మెయిన్ లైనుకి సిగ్నల్ ఆకుపచ్చ ఇచ్చారు. పాయింట్లు మాత్రం పక్కనుండే లూప్ లైనుకి ఉన్నాయి. లూప్‌లో ఇనప ఖనిజం గూడ్సు ఆగి ఉంది. దాదాపు మూడొందల మంది పోయారు, వాళ్లలో మనవాళ్ల కోసం విశాఖ, విజయవాడ స్టేషన్లలో ఆ రాత్రి హెల్ప్ డెస్కుల ముందు జనం. భద్రతా కమిషనర్ విచారణలో తేలింది, లెవెల్ క్రాసింగ్ గేటు పనులప్పుడు సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాలు. మళ్లీ తీగ. క్లాపమ్ తర్వాత ముప్పై నాలుగున్నర ఏళ్లకి. అక్కడ కవచ్ ఉన్నా ఆపేది కాదు, ఎందుకంటే కవచ్ ఇంటర్‌లాకింగ్ చెప్పిందే నమ్ముతుంది. ఇంటర్‌లాకింగ్ దారి ఖాళీ అంటే కవచ్ కూడా ఖాళీ అనే అంటుంది.

కాబట్టి కొత్త వ్యవస్థ బడ్జెట్‌లో నేను మొట్టమొదట వెతికే పద్దు ఏమిటో తెలుసా? టెస్టింగు. పని అయ్యాక తీగ తీగా సరిచూసే మనుషులు, వాళ్ల జీతాలు, వాళ్ల నిద్ర. ఆ పద్దు సన్నగా ఉంటే, పైన ఎంత మెరిసే యంత్రం రాసినా నేను సంతకం పెట్టను.

పెట్టాక కూడా అయిపోదు. మా నాన్న టోకెన్ పెట్టె ఆయన ఉద్యోగం మొత్తం ఒక్కటే. అది ఆయనకంటే ముందే అక్కడుంది, ఆయన రిటైరయ్యాక కూడా కొన్నాళ్లుంది. డిజిటల్ వ్యవస్థ అలా కాదు. పదిహేను ఇరవై ఏళ్లకి దాని విడిభాగాలు దొరకవు. దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్లలో వేసినప్పుడున్నది పాత వెర్షన్. 2024 జులైలో కవచ్ 4.0 వచ్చింది. ముందుగా వేసినందుకు మెచ్చుకుంటూనే, దాన్నంతా మళ్లీ పైకి తీసుకురావాలి. ముందు నడిచినవాడి కాలికే ముల్లు గుచ్చుకుంటుంది కదా.

సాఫ్ట్‌వేరు ఎలా మోసం చేస్తుందో ఒక చిన్న సంగతి. వేల్స్‌లో కేంబ్రియన్ లైను, ఈటీసీఎస్ పెట్టిన లైను. 2017 అక్టోబర్ 20. ముందు రాత్రి కంప్యూటరు రీస్టార్ట్ అయింది. దానితో తాత్కాలిక వేగ పరిమితులు రైళ్లకి వెళ్లడం మానేశాయి. కంట్రోల్ తెర మీద మాత్రం అన్నీ లోడయినట్టే కనపడ్డాయి. గంటకి 30 కిలోమీటర్లు పోవాల్సిన లెవెల్ క్రాసింగ్ దగ్గర ఒక బండి 80లో పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కనిపెట్టింది ఎవరు? ఒక డ్రైవరు. "ఇక్కడ పరిమితి ఉండాలే, తెర మీద రాలేదేమిటి" అనుకున్నాడు. ఆ అనుమానం ఏ టెండరులోనూ దొరకదు.

ఇక ఖాతాల సంగతి చెప్పి ప్రశ్నలు తీసుకుంటాను. డబ్బు పెట్టేది సిగ్నల్ డిపార్ట్‌మెంటు. పాత్‌లు, అంటే లైను మీద ఇంకో బండి నడపడానికి దొరికే వేళలు, మిగిలేది బళ్లు నడిపించే ఆపరేటింగ్ వాళ్లకి. ఒక బండి రోజుకి నలభై నిమిషాలు ముందే తిరిగొచ్చి అదనంగా ఇంకో ట్రిప్పు వేస్తే, కలిసొచ్చేది మెకానికల్ వాళ్లకి. సింగరేణి బొగ్గు ఒక రోజు ముందు చేరితే లాభం కరెంటు ప్లాంటుకి. విజయవాడలో ఇరవై నిమిషాలు మిగిలితే లాభం మీకు. సిగ్నల్ వాడి ఖాతాలో మిగిలేది బ్యాటరీ బిల్లు. (నవ్వులు) అందుకే ఈ లెక్క ఒకే డిపార్ట్‌మెంటు వేస్తే ఎప్పుడూ నష్టంగానే తేలుతుంది. అందరి ఖాతాలూ ఒకే టేబుల్ మీద పరిచి వెయ్యాలి. పాత్ ఒక్కదానికి ధర కట్టండి. ఒక గూడ్సు పాత్ దొరికితే రైల్వేకి ఎంత వస్తుందన్నది అంకెల్లో చెప్పొచ్చు. ప్రాణాల్ని ఆ పట్టికలో ఇరికించొద్దు, దాన్ని పక్కన నిర్ణయంగా ఉంచండి. కెపాసిటీ లెక్క ఒక్కటే నిలబడితే మంచిదే. నిలబడకపోతే, "భద్రత కోసం ఇంత ఎక్కువ పెడుతున్నాం" అని తలెత్తి చెప్పండి.

చెప్పండమ్మా, నువ్వే, పచ్చ చున్నీ.

(విద్యార్థిని: "సార్, డబ్బు సగమే ఉంది. ఒక సెక్షన్ మొత్తం ట్రాక్ చెయ్యొచ్చు, కానీ ఇంజన్లలో సగానికే పెట్టొచ్చు. అప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?")

మంచి ప్రశ్న. దీనికి పుస్తకంలో జవాబుండదు, షెడ్డులో ఉంటుంది. గూడ్సు ఇంజన్లతో మొదలుపెట్టకు. ఇవాళ కాజీపేటలో కనపడిన ఇంజన్ వచ్చే వారం గుజరాత్‌లో ఉంటుంది. దాని మీద పెట్టిన 80 లక్షలు కవచ్ లేని లైన్ల మీద తిరుగుతూ ఉంటాయి. సెక్షన్ దాటి పోని బళ్లని వెతుకు. మెమూలు. పొద్దున వెళ్లి రాత్రికి అదే షెడ్డుకి తిరిగొచ్చేవి. కంటకాపల్లిలో దెబ్బతిన్నవి కూడా అలా తక్కువ దూరం తిరిగే పాసింజర్లే. ముందు వాటికి పెట్టు. తర్వాత ఆ సెక్షన్ మీదే రోజూ తిరిగే ఎక్స్‌ప్రెస్‌ల లింకు, అంటే ఏ ఇంజన్ ఏ బండికి వెళ్లాలన్న వరస తీసుకుని, ఏ ఇంజన్లు వాటికి వస్తున్నాయో రాసుకో. ఆ ఇంజన్లని మళ్లీ బయటికి వదలకుండా ఆ లింకుకే కట్టెయ్యమని ఆపరేటింగ్ వాళ్లని అడుగు. వాళ్లు ఒప్పుకోరు. "మా ఇంజన్ మేం ఎక్కడైనా వాడతాం" అంటారు. అక్కడ నీకు ఇంజనీరింగ్ పనికిరాదు, టీ తాగుతూ మాట్లాడటం పనికొస్తుంది. ఒక నెల ఇంజన్ల కదలికల రిజిస్టరు పట్టుకెళ్లు. ఏ ఇంజన్ ఎన్ని రోజులు నీ సెక్షన్లో ఉందో చూపించు. మా రోజుల్లో ఒకసారి ఇలా చూస్తే, ఆ లింకు మీద తిరిగినవి మేం అనుకున్న ఇంజన్లలో సగం కూడా కాదు. ఆ రిజిస్టరు ముందేసుకున్నాకే మా అంచనాలో ఇంజన్ల సంఖ్య మారింది, దానితో మొత్తం కాగితమే మారింది.

ఆ వెనక అబ్బాయి కూడా చెయ్యెత్తాడు. టైమైపోయిందని సార్ సైగ చేస్తున్నారు. బయట టీ దగ్గరికి రా బాబూ, అక్కడ మాట్లాడుకుందాం.